వీధి సింగారం

ఉద్దేశం: నగరం అనగానే ఎత్తయిన మేడలు, కోటలు, కొలువుకూటాలు మనసులో మెదులుతాయి. వాటన్నింటినీ కలిపి ఊరుగా నిలిపేది వీధి. పాడైన వీధిని తిరిగి కట్టి సింగారించే పని ఎలా సాగుతుందో, అందులో ఎవరికి మేలు కలుగుతుందో, ఎవరికి చోటు పోతుందో హైదరాబాదు, ఇండోరు నగరాల చరిత్ర ఆధారంగా విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

ఆలంకారికులు మహాకావ్యానికి అష్టాదశ వర్ణనలు విధించారు. దండి తన ‘కావ్యాదర్శం’లో ఆ వర్ణనలను నగరంతోనే ప్రారంభించాడు. సముద్రం, పర్వతం, ఋతువులు, చంద్రోదయ సూర్యోదయాలు ఆ తరువాతే వస్తాయి. తెలుగు ప్రబంధకవులు ఈ విధిని శ్రద్ధగా పాటించారు. అల్లసాని పెద్దన ప్రవరుని కథను అరుణాస్పదపుర వర్ణనతో ఎత్తుకున్నాడు. కోటలు, అగడ్తలు, మేడలు, ఉద్యానాలు, చతురంగబలాలు వరుసగా వచ్చే ప్రబంధ పురవర్ణనలలో తరచుగా కనిపించే మరొకరు పుష్పలావికలు, అంటే పూలమ్ముకొనే స్త్రీలు. కొనవచ్చిన వారికీ వారికీ నడిచే చమత్కార సంభాషణలను కవులు ఇష్టంగా వర్ణించారు. పూలబుట్ట ముందు పెట్టుకొని వీధిలో కూర్చున్న స్త్రీ కవి దృష్టిలో నగర శోభలో ఒక భాగం. నేటి పురపాలక దస్త్రాలలో ఆమెకు తరచుగా దక్కే పేరు ‘ఆక్రమణదారు’. వీధి సుందరీకరణ అనే మాట వినిపించినప్పుడల్లా ఈ రెండు చూపులూ ఒకదానితో ఒకటి తలపడుతూనే ఉంటాయి.

హైదరాబాదు నగరానికి 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా పునాది వేశాడు. నగర రచన చేసినవాడు ఆయన మంత్రి మీర్ మోమిన్ అస్త్రాబాదీ. నాలుగు రాజమార్గాలు కలిసేచోట చార్మినారును నిలిపి, దానికి ఉత్తరాన విశాలమైన చతురస్రాన్ని విడిచి, దాని నాలుగు దిక్కులా నాలుగు కమానులు కట్టారు. ఆ చతురస్రం నడుమ నీటి తొట్టి ఉండేది. నేటి గుల్జార్ హౌజ్ అదే. అంటే ఈ నగరంలో ముందుగా వీధి ఏర్పడింది, ఇళ్ళు ఆ వీధిని ఆశ్రయించి వెలిశాయి. అయితే మూడు శతాబ్దాలు గడిచేసరికి జనం పెరిగారు. సందులు ఇరుకయ్యాయి. మురుగు పోయే దారి లేక ముంగిళ్ళలోనే నిలిచేది. మూసీ ఒడ్డున ఇళ్ళు నదీగర్భం దాకా జరిగాయి.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగింది. దాదాపు పదిహేను వేలమంది ప్రాణాలు కోల్పోయారని అంచనా. అఫ్జల్‌గంజ్ పరిసరాలు తుడిచిపెట్టుకుపోయాయి. నేటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు కొమ్మలను పట్టుకొని నూట యాభైమంది వరకు బతికి బయటపడ్డారని నగరవాసులు ఇప్పటికీ చెప్పుకొంటారు. అప్పటి పాలకుడు ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్. మరుసటి సంవత్సరం ఆయన ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. నదిని అదుపుచేయడానికి ఎగువన జలాశయాలు కట్టాలనీ, నగరంలో మురుగు కాలువల వ్యవస్థ ఏర్పరచాలనీ ఆయన సూచించారు. వాటి ఫలితమే 1920లో పూర్తయిన ఉస్మాన్‌సాగర్, 1927లో పూర్తయిన హిమాయత్‌సాగర్. ఈ రెండు చెరువుల సంగతి అందరికీ తెలిసినదే కనుక ఇక్కడ విస్తరించ పనిలేదు.

వరద వెనకే ప్లేగు వ్యాధి నగరాన్ని పీడించింది. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ గద్దెనెక్కిన తరువాత 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడింది. ఉర్దూలో దాని పేరు ‘ఆరాయిషె బల్దా’. ‘ఆరాయిష్’ అంటే అలంకరణ, ‘బల్దా’ అంటే నగరం. శవాలను లెక్కపెట్టుకున్న ఊళ్ళో, ఎలుకలు రాలిపడుతున్న సందులలో పనిచేయవలసిన సంస్థకు నగరాలంకరణమనే పేరు పెట్టడం మొదట వింతగా తోచవచ్చు. కాని ఆ సంస్థ చేసిన పనులు చూస్తే పేరు సార్థకమే అనిపిస్తుంది. గాలి వెలుతురు చొరని బస్తీలను తొలగించడం, మురుగు పోయే దారి తీయడం, రోడ్లు వెడల్పు చేయడం, చిన్న సంపాదనపరులకు అద్దె ఇళ్ళు కట్టడం, వాటితోపాటు అంగడి వీధులను తీర్చిదిద్దడం, ఇవన్నీ ఒకే కార్యాలయం బాధ్యతలు. ఆరోగ్యం ఒక శాఖకు, అందం మరో శాఖకు అప్పగించే అలవాటు ఆనాటికి రాలేదు.

ఆ సంస్థ చేతిమీదుగా వెలసిన వీధులలో ప్రసిద్ధమైనది పత్తర్‌గట్టి. మదీనా కూడలి నుంచి చార్‌కమాన్ వైపు సాగే మార్గానికి రెండు పక్కలా బూడిదరంగు రాతితో కట్టిన భవనాల వరుస అది. కింద అంగళ్ళు, పైన నివాసాలు. అంగళ్ళ ముందు కమానులు తీర్చిన వసారా, ఆ వసారా కిందనే పాదచారుల బాట. బట్టలు, ముత్యాలు, అత్తరులు, పెళ్ళి సామగ్రి అమ్మే దుకాణాలకు ఆ వీధి పుట్టినిల్లు. కట్టడంలోని తెలివి గమనించదగినది. మనవంటి ఉష్ణదేశంలో బాటసారికి మొదట కావలసింది నీడ, తరువాత వానకు తలదాచుకొనే చోటు. చెట్లు నాటే వెసులుబాటు లేని ఇరుకు బజారులో ఆ రెండింటినీ భవనమే ఇచ్చింది. వీధికి ఒక చివర నుంచి రెండో చివరకు కమానులన్నీ ఒకే ఎత్తున, ఒకే లయలో నడుస్తాయి. ఏ వర్తకుడి దుకాణం ఎంత పెద్దదైనా అతని గోడ పొరుగువాడి గోడకు భిన్నంగా కనిపించదు. పద్యంలో యతిస్థానం కవి ఇష్టం మీద ఆధారపడనట్లే ఇక్కడ కమాను కొలత యజమాని ఇష్టం మీద ఆధారపడలేదు. తరువాతి కాలంలో ఎవరికి తోచిన నామఫలకం వారు తగిలించి, తీగలు అల్లి ఆ లయను చాలాచోట్ల కప్పివేశారు.

అయితే రాతి కమానులను మెచ్చుకొనేటప్పుడు ఒక ప్రశ్నను దాటవేయరాదు. వెడల్పు చేసిన ప్రతి వీధికింద అంతకుముందు కొందరి ఇళ్ళు ఉంటాయి. ఆరాయిషె బల్దా బస్తీలను తొలగించడంతో ఊరుకోక కొత్త ఇళ్ళు కూడా కట్టింది. ఇది దాని గొప్పతనం. కాని కూల్చిన గుడిసెలో ఉన్నవాడే కొత్త ఇంటి తాళం అందుకొన్నాడా అన్నది వేరే సంగతి. పని ఉన్న చోటికి దగ్గరగా ఉండటం పేదవానికి ఇటుక గోడకంటె విలువైనది. నగర నిర్మాతలు ఈ మాటను ఆనాడూ తరచు మరిచారు, నేడూ మరుస్తున్నారు.

సరిగ్గా ఆ కాలంలోనే ఈ మాటను గట్టిగా చెప్పిన వ్యక్తి పాట్రిక్ గెడ్డెస్. స్కాట్లండు దేశీయుడు. చదివింది జీవశాస్త్రం, వృత్తి వృక్షశాస్త్ర బోధన. ఎడింబరో పాతనగరంలో సంపన్నులు విడిచిపోయిన శిథిలవాడలో కొత్తగా పెళ్ళయిన భార్యతో కాపురం పెట్టి, పొరుగువారిని కూడగట్టి గోడలకు సున్నం వేయించి, ఖాళీ చోట్ల తోటలు పెంచి, ఒక వీధిని బాగుచేయడమంటే ఏమిటో చేతలలో నేర్చుకొన్నాడు. 1914లో మనదేశానికి వచ్చి పది సంవత్సరాలలో అనేక పట్టణాలకు ప్రణాళికలు రచించాడు. బొంబాయి విశ్వవిద్యాలయంలో సమాజశాస్త్రాచార్యుడిగా కూడా పనిచేశాడు. ఆనాటి ఇంజనీర్లు పటం మీద గీత గీసి, ఆ గీతకు అడ్డు వచ్చిన ఇళ్ళన్నీ కూల్చేవారు. గెడ్డెస్ ఆ పద్ధతిని ఒప్పుకోలేదు. ముందు కాలినడకన ప్రతి సందూ తిరిగేవాడు. బాగా పాడైన ఒకటి రెండు ఇళ్ళను మాత్రం తీసివేసి, ఆ చోట చిన్న ముంగిలి విడిచి, ఒక చెట్టు నాటి, మిగిలిన వాడను ఉన్నదున్నట్లు నిలిపేవాడు. వైద్యుడు కుళ్ళిన భాగాన్ని తొలగించి శరీరాన్ని కాపాడినట్లు ఊరిని కాపాడాలన్నది అతని అభిప్రాయం. దానికి ‘పరిరక్షక శస్త్రచికిత్స’ అని పేరు పెట్టాడు. ఖర్చులో కూడా అదే చౌక అని లెక్కలు కట్టి చూపాడు.

గెడ్డెస్ ఇండోరులో జరిపిన దీపావళి ఉత్సవం నగర చరిత్రలలో అపూర్వమైన ఘట్టం. 1917 ప్రాంతంలో ఇండోరు సంస్థానం అతన్ని నగర ప్రణాళిక కోసం ఆహ్వానించింది. ఊరిని ప్లేగు కబళిస్తున్నది. చేతిలో పటాలతో సందుగొందులు తిరుగుతున్న ఈ గడ్డపు తెల్లదొరను చూసి జనం బెదిరిపోయారు. ఇళ్ళు కూల్చడానికి వచ్చాడనీ, రోగం తెచ్చేవాడు ఇతడేననీ వేలు చూపి చెప్పుకొనేవారు. ప్రజల భయం పోకుండా ఏ ప్రణాళికా నడవదని అతనికి తెలుసు. ఒక్కరోజుపాటు తనను ‘మహారాజు’గా ఉండనివ్వమని ప్రభువును కోరాడు. అనుమతి లభించింది.

దీపావళినాడు మహోత్సవ ఊరేగింపు ఉంటుందని చాటించారు. అది ఎప్పుడూ వెళ్ళే దారిన వెళ్ళదు. ఏ వీధివారు తమ ఇళ్ళను ఎక్కువగా బాగుచేసుకొని, వీధిని శుభ్రం చేసుకొంటారో ఆ వీధి గుండానే వెళుతుంది. చెత్తను ఉచితంగా ఎత్తుకుపోయే ఏర్పాటు కూడా చేశారు. ఇక ఊరంతా పూనకం వచ్చినట్లు పనిలోకి దిగింది. బండ్లకొద్దీ చెత్త బయటికి పోయింది. పగుళ్ళు పూడ్చారు, సున్నాలు వేశారు, వాకిళ్ళు అలికారు. తనిఖీ అధికారి గద్దించినా కదలని వాడ, దేవుడి పల్లకి వంటి ఊరేగింపు మా వీధికే రావాలన్న పంతంతో కదిలింది.

ఊరేగింపులో ముందు పంటలను, పాడిని చూపే దృశ్యాలు నడిచాయి. తరువాత ప్లేగు రాక్షసుని బొమ్మ, వణుకుతున్నట్లు కదిలే పెద్ద ఎలుక బొమ్మ వచ్చాయి. ఆ వెనుక వచ్చినవారు నగరంలోని పాకీ పనివారు. అందరికీ ఉతికిన తెల్లని దుస్తులు, మెడలో పూలదండలు, చేతుల్లో కొత్త చీపుర్లు. ఎవరి నీడ సోకినా మైలపడతామని ఊరు తలచేదో వారు రాజవీధిలో ఉత్సవమూర్తులవలె నడిచారు. గెడ్డెస్ వారికి అందరి ఎదుట నమస్కరించాడు. చివర నగరలక్ష్మి రూపంతో ఒక శకటం, కట్టబోయే ఇళ్ళ నమూనాలు వచ్చాయి. ఇంటింటికీ తులసి మొక్కలు పంచారు. రాత్రి రాక్షసుని, ఎలుకను తగులబెట్టారు. ఆ తరువాత ప్లేగు తగ్గుముఖం పట్టింది. అందుకు ఋతువు మారడం కూడా కారణమే. ఊరేగింపే రోగాన్ని తరిమిందనడం అతిశయోక్తి అవుతుంది. కాని అంతవరకు వేలు చూపి భయపడినవారే అతన్ని ఆదరించడం మొదలుపెట్టారు. 1918లో అతని ఇండోరు నివేదిక రెండు సంపుటాలుగా వెలువడింది. ఆ ఉద్గ్రంథం కంటె ఈ ఒక్కరోజు ఉత్సవమే నగర నిర్మాతలకు ఎక్కువ పాఠం చెబుతుంది.

నేటి వీధి పనులు ఉత్సవంతో ముగిసేవి కావు. వీధి అనేది నేలపైన కొంత, నేలకింద మరింత ఉండే వస్తువు. తాగునీటి గొట్టం, మురుగు గొట్టం, వాన కాలువ, కరెంటు తీగ, టెలిఫోను తీగ అన్నీ ఆ పొరలలోనే నడుస్తాయి. ఒక శాఖవారు రోడ్డు వేసి వెళ్ళిన మరునాడే మరో శాఖవారు గునపాలతో రావడం తెలుగునాట ప్రతి పట్టణవాసికీ అనుభవమే. కాబట్టి వీధిని తిరిగి కట్టేవారు ముందుగా నేలకింది పనులన్నీ ముగించి, మరమ్మతుకు తెరవగల మూతలు అమర్చి, ఆ తరువాతే పైన రాయి పరచాలి. పరచిన రాయి నీటిని కాలువ వైపు జార్చేంత వాలుగా ఉండాలి. పాదచారుల బాట ఆటంకాలు లేకుండా కనీసం 1.8 మీటర్ల వెడల్పు ఉండాలని, దాని అంచు 150 మిల్లీమీటర్లకు మించి ఎత్తు ఉండరాదని భారత రహదారుల కాంగ్రెస్ 2012 నాటి మార్గదర్శకాలలో చెప్పింది. ఈ రెండో నియమం చిన్నదిగా కనిపిస్తుంది. మోకాళ్ళ నొప్పులున్న ముసలమ్మ బాట ఎక్కుతుందా, ప్రాణాలకు తెగించి బండ్ల నడుమ నడుస్తుందా అన్నది దానిమీదే ఆధారపడి ఉంది. చెట్ల విషయమూ ఇంతే. మొదలు దాకా సిమెంటు పోసిన వేపచెట్టు వేళ్ళకు నీరందక ఎండిపోతుంది, లేదా గాలివానకు కూలుతుంది. 2013లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఢిల్లీలోని చెట్ల చుట్టూ ఒక మీటరు మేర సిమెంటును తొలగించాలని ఆదేశించవలసి వచ్చింది.

చార్మినారు పరిసరాలను పాదచారులకు అప్పగించాలన్న పథకం ఈ శతాబ్ది తొలి దశాబ్దంలో రూపుదిద్దుకొని ఏళ్ళ తరబడి నత్తనడక నడిచింది. వాహనాల పొగ వల్ల నాలుగు మినారుల సున్నపు పూత నల్లబడుతున్నదన్న ఆందోళన ఆ పథకానికి ఒక ప్రేరణ. వాహనాలను చుట్టుదారులకు మళ్ళించి, కట్టడం చుట్టూ గ్రానైటు రాళ్ళు పరచారు. నేడు అక్కడ నిలబడి తలెత్తి చార్మినారును చూడవచ్చు. ఒకప్పుడు అలా తలెత్తినవారిని వెనుక నుంచి ఆటో హారను అదిలించేది. ఇది నిస్సందేహంగా మేలు. అయితే ఆ చుట్టుపక్కల పండ్లు, గాజులు, గొలుసులు, చెప్పులు అమ్ముకొనే తోపుడుబండ్లవారి సమస్య ఇంత సులభంగా తీరేది కాదు. వారిని వేరే చోటికి పొమ్మనడం తేలిక. బేరం మాత్రం వారి వెంట వెళ్ళదు. లాడ్‌బజారుకు గాజులు కొనవచ్చిన పెళ్ళివారు నాలుగు వీధుల అవతల ఉన్న బండిని వెతుక్కుంటూ పోరు. ఆ గాజులు, అంటే హైదరాబాదు లక్క గాజులు, 2024లో భౌగోళిక గుర్తింపు పొందాయి. గాజుకు గుర్తింపు వచ్చింది కాని, దాన్ని వీధిలో అమ్మేవానికి ఇంకా నిలకడైన చోటు దొరకలేదు.

2014లో పార్లమెంటు చేసిన వీధి వర్తకుల చట్టం ఈ చిక్కును గుర్తించింది. ప్రతి పట్టణంలోనూ వర్తక కమిటీ ఉండాలి. అందులో కనీసం నలభై శాతం మంది వీధి వర్తకులే ఎన్నుకున్న ప్రతినిధులు కావాలి. ముప్పై రోజుల ముందు తాఖీదు ఇవ్వనిదే ఎవరినీ కదల్చరాదు. యాభై సంవత్సరాలకు మించి వీధి వర్తకులు వ్యాపారం చేస్తున్న సహజ విపణులను వారసత్వ విపణులుగా ప్రకటించాలని, అక్కడివారిని వేరే చోటికి మార్చరాదని కూడా ఆ చట్టం చెప్పింది. చార్మినారు వంటి చోట్లకు ఈ నిబంధన ఎంతగా అన్వయిస్తుందో వేరే చెప్పనక్కరలేదు. చట్టం తెలిసిన తోపుడుబండి యజమానులు ఎందరున్నారన్నదే ప్రశ్న.

ఇతర నగరాల అనుభవం కూడా ఇటువంటిదే. షాజహాను కుమార్తె జహానారా పదిహేడో శతాబ్దంలో తీర్చిన ఢిల్లీ చాందినీ చౌకును ఎర్రరాయి పరచి 2021 సెప్టెంబరులో కొత్తరూపంలో తెరిచారు. ఉదయం తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిది వరకు మోటారు వాహనాలను నిషేధించారు. తెరిచిననాటి నిగనిగ ఎంతోకాలం నిలవలేదని, నిషేధాన్ని దాటి బండ్లు వస్తున్నాయని పత్రికలు రాశాయి. వీధిని ఒకసారి కడితే చాలదు, రోజూ కావలి కాయాలి. ఆ ఖర్చు గుత్తేదారు లెక్కలో ఉండదు.

హైదరాబాదులోనే 1935 నాటి మొజంజాహీ మార్కెట్టు జీర్ణోద్ధరణ ఇందుకు భిన్నమైన అనుభవం. ఏడో నిజాం రెండో కుమారుడు, ఆరాయిషె బల్దాకు అధ్యక్షత వహించిన మొజంజా పేర వెలసిన ఆ రాతి విపణి రేకుల పందిళ్ళ కింద, ప్రకటన ఫలకాల వెనుక మరుగుపడింది. వాటిని తొలగించి, రాతిని కడిగి, గడియార స్తంభాన్ని బాగుచేసి 2020 ఆగస్టులో తిరిగి ప్రారంభించారు. లోపలి అంగళ్ళు మ్యూజియం కాలేదు. సాయంకాలం ఐస్‌క్రీం దుకాణాల ముందు పిల్లలు మునుపటిలాగే గుమికూడుతున్నారు. అక్కడికి ఎంతో దూరం లేని పత్తర్‌గట్టిలో వానాకాలం సాయంత్రాలు బేరం కోసం కాక తడవకుండా నిలబడటానికి వచ్చినవారితో కమానుల వసారా నిండిపోతుంది. వారితోపాటు నాలుగు అడుగుల మేర ప్లాస్టిక్ పట్ట పరచుకొని పూలు, చేతిరుమాళ్ళు అమ్మేవారు కూడా గోడవైపు జరిగి కూర్చుంటారు.

అభ్యాసం

1. ‘ఆరాయిషె బల్దా’ అనే పేరు ఆ సంస్థ చేసిన పనులకు ఎంతవరకు తగినదో చర్చించండి.
2. ఇండోరు దీపావళి ఊరేగింపును సొంత మాటలలో వర్ణించండి. పాకీ పనివారికి అందులో ఇచ్చిన స్థానం విశేషమేమిటి?
3. పుష్పలావికలను ప్రబంధకవులు చూసిన తీరుకూ, వీధి వర్తకులను నేటి నగరాలు చూసే తీరుకూ గల భేదాన్ని వివరించండి.
4. మీ వీధిలో ఈ సంవత్సరం ఎన్నిసార్లు, ఏ పనుల కోసం తవ్వారో పెద్దలను అడిగి తెలుసుకొని ఒక పుట రాయండి.